సఫైర్‌లో ఫీబాస్ తగలట్లేదు, కార్ట్రిడ్జ్ బ్యాటరీ కూడా అయిపోయింది. అక్క గీసిన గళ్ళు ఇంకా పనికొస్తాయా?

గౌతమీపాయ:

అందరికీ నమస్తే అండి. మాది ముమ్మిడివరం పక్కన పల్లెటూరు. మా మావయ్య కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు అక్కకీ నాకూ కలిపి గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ అని చేతిలో పట్టుకుని ఆడే మిషను ఒకటి, అందులో పెట్టే పోకెమాన్ సఫైర్ ఆట కార్ట్రిడ్జ్ పంపించాడు. కలిపి అన్నది మాటవరసకే, ఆడిందంతా అక్కే. నాకు అప్పటికి ఇంగ్లీషు చదవడం కూడా రాదు. పక్కన కూర్చుని "ఇటెళ్ళు, అటెళ్ళు" అని సతాయించేవాణ్ణి. అక్కకి పెళ్ళయి మస్కట్ వెళ్ళాక అది బీరువాలో పట్టుచీరల కింద చేరింది. మొన్న పండక్కి ఇల్లు దులుపుతుంటే అమ్మ చేతికి తగిలింది.

ఆన్ చేస్తే అక్క సేవ్ ఉన్నదున్నట్టు ఉంది. ఆటలో గెల్చుకున్న ఏడు బ్యాడ్జీలు, బుజ్జి అని పేరు పెట్టుకున్న స్వాంపర్ట్ అనే పోకెమాన్, సంచిలో మూడు గాలం రాడ్లూ ఉన్నాయి. కాకపోతే మొదలవ్వగానే ఒక మెసేజ్ వస్తోంది. లోపలి బ్యాటరీ అయిపోయింది, ఆట ఆడుకోవచ్చు గానీ టైము మీద నడిచేవి ఇక జరగవు అని.

అసలు సంగతి ఇదండి. గేమ్‌బాయ్ డబ్బాలో మడతపెట్టిన గ్రాఫ్ పేపర్లు దొరికాయి. టెన్త్ లెక్కల్లో వాడేవి. వాటి మీద అక్క ఆటలో రూట్ 119 అనే చోటున్న నది మొత్తం పైనుంచి కింద దాకా గీసింది. నీళ్ళకి నీలం స్కెచ్, వంతెనకి బ్రౌన్. ఒక్కో గడిలో పెన్నుతో ఇంటూ మార్కు. కొన్ని ఇంటూల పక్కన ప్రశ్నార్థకం. కింద మూడో వంతు మాత్రం ఖాళీగా వదిలేసింది. మొదటి కాగితం మూల ఇంగ్లీషు పెద్దక్షరాల్లో "టైర్డ్ టీచర్" అని రాసి చుట్టూ గీత కొట్టింది. ఆ టీచర్ ఎవరో నాకు తెలీదు.

అక్క అప్పట్లో ఫీబాస్ అనే చేప కోసం తెగ వెతికేదని గుర్తుంది. నేను సూపర్ రాడ్‌తో వంతెన చుట్టుపక్కలంతా వేస్తున్నా. కార్వానా అనే ఇంకో చేప తప్ప ఏమీ రావట్లేదు. ఆ చేప నిజంగానే ఉందా? ఉంటే అక్క ఇంటూలు కొట్టిన గళ్ళు వదిలేసి ఖాళీ గళ్ళే చూస్తే సరిపోతుందా? బ్యాటరీ మార్చి మొదలెట్టాలా?

అక్కనే అడగొచ్చు కదా అనకండి. పట్టుకుని ఫోటో పంపించాలని నా ప్లాను.

చించినాడ_చిన్నోడు:

గోదారి జిల్లా వాడివై ఉండి చేప దొరకట్లేదని బయటకి చెప్పుకున్నావా తమ్ముడూ!

ఎందుకొచ్చిన తిప్పలు చెప్పు. ఫోన్లో పోకెమాన్ గో పెట్టుకో. ఫీబాస్‌ని బడ్డీగా తీసుకుని 20 కిలోమీటర్లు నడిచి, 100 క్యాండీలు పోగేస్తే దాని పెద్ద రూపం మిలోటిక్ అయిపోతుంది. నేను పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తూ చేసేశా. బండి మీద తిరిగితే మాత్రం దూరం లెక్కలోకి రాదు. డాక్టరు నడవమన్నా నడవనివాణ్ణి ఈ చేప నడిపించింది. మా ఆవిడ దానికి దణ్ణం పెడుతోంది.

ఇది మన పులసకి చుట్టం అనుకో. ఎప్పుడు తగులుతుందో ఎవడికీ తెలీదు.

సెల్‌పాయింట్_రాజోలు:

చిన్నోడు గారూ, పులసతో పోలిక కుదరదండి. పులస వలలో పడకముందే దాని ధర తెలుసు. వరదనీరు ఎర్రగా తిరిగిందంటే రేవులో బేరగాళ్ళు కాసుక్కూచుంటారు. ఫీబాస్‌ని ఎవడూ కొనడు. మొత్తం బలాలన్నీ కలిపితే 200. నేర్చుకునేది మొదట స్ప్లాష్, అంటే నీళ్ళలో ఎగిరి పడడం, దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. 15వ లెవెల్‌కి ట్యాకిల్, 30కి ఫ్లెయిల్. చిరిగిన రెక్కలు, మచ్చలు. బురదనీళ్ళైనా బతుకుతుంది, ఏది పెట్టినా తింటుందని పోకెమాన్ల వివరాల పుస్తకం పోకెడెక్స్‌లోనే రాసిపెట్టారు. అలాంటి దాన్ని పట్టుకెళ్ళి ఆటలో అన్నిటికన్నా కష్టమైన చోట దాచారు. దాచిన విషయం ఆటలో ఎవడూ నోరు విప్పి చెప్పడు. ఇది 2002లో వచ్చిన ఆట. అప్పట్లో నెట్ సెంటర్‌కి వెళ్తే తప్ప ఈ సంగతులు తెలిసే దారి లేదు. మీ అక్క గ్రాఫ్ పేపర్ పెట్టుకుని కూర్చుందంటే ఎవరో చెప్పగా విని, బుర్ర పెట్టి దిగిన మనిషన్నమాట.

ఇక గౌతమీపాయ తమ్ముడూ, నువ్వడిగిన వాటికి వద్దాం. నేను రాజోలులో సెల్ రిపేర్ షాపు నడుపుతాను. బ్యాటరీ ప్రశ్నకి జవాబు చివర్లో చెప్తా, ముందు చేప.

రూట్ 119 నదిలో గాలం వెయ్యగలిగిన గళ్ళు 447 ఉన్నాయి. వాటిలో ఆట ఎంచుకునేది ఆరు. ఒక్కోసారి ఒకే గడిని రెండుసార్లు ఎంచుకోవచ్చు కాబట్టి గరిష్ఠంగా ఆరు అనుకో. మిగతా గళ్ళలో నెల రోజులు వేసినా ఫీబాస్ రాదు. అసలైన గడిలో వేస్తే మాత్రం తగిలిన చేపల్లో సగం అదే. దగ్గర దగ్గర 75 గళ్ళకి ఒకటన్నమాట. కాబట్టి ఒక్కచోట నిలబడి ఓపిక పట్టడం ఇక్కడ పనికిరాదు. కదలాలి.

ఎంతసేపు ఆగి కదలాలి అన్నది అసలు లెక్క. అసలైన గడిలోనే వేసినా ఒక్క చేప తగిలినప్పుడు అది ఫీబాస్ కాకపోయే అవకాశం సగం. రెండు తగిలితే నాలుగో వంతు. మూడైతే ఎనిమిదో వంతు, నాలుగైతే పదహారో వంతు. నేనైతే గడికి నాలుగు చేపలు చూడనిదే కదలను. చేప కరవకుండా ఉత్తి గాలం పైకొస్తే అది లెక్కలోకి రాదు. తగిలి, ఫైట్ మొదలై, వచ్చింది ఏమిటో చూస్తేనే ఒకటి.

ఇప్పుడు మీ అక్క ఇంటూల సంగతి చూడు. ఒక్క కార్వానా రాగానే ఇంటూ కొట్టి జరిగిపోయి ఉంటే ఆ ఇంటూ విలువ సగమే. ప్రశ్నార్థకాలు ఎందుకు పెట్టిందో ఊహించగలను. అక్కడ ఒకటో రెండో చూసి అనుమానంతో వదిలి ఉంటుంది. కనుక ఇంటూ గళ్ళు వదిలేసి ఖాళీ గళ్ళకి పరిగెత్తకు. ప్రశ్నార్థకాలతో మొదలెట్టు, తర్వాత మామూలు ఇంటూలు, ఆఖర్న ఖాళీ గళ్ళు. లెక్క ప్రకారం ఖాళీ గడికే అవకాశం ఎక్కువ కదా అంటావు, నిజమే. కానీ గీసిన మనిషికి ఆ నదిలో ఏదో అనుమానం తగిలింది, దానికి విలువివ్వు.

సూపర్ రాడ్ సంచిలో పెట్టెయ్. ఫీబాస్‌కి ఏ రాడ్ అయినా ఒకటే. ఓల్డ్ రాడ్ వేస్తే ఒక్కసారి బటన్ నొక్కితే తేలిపోతుంది. సూపర్ రాడ్‌తో లాగడం, మళ్ళీ లాగడం, ఆరుసార్ల దాకా సాగొచ్చు. మధ్యలో ఒక్కసారి వేలు ఆలస్యమైతే చేప పోతుంది. మీ అక్క డ్యూఫర్డ్ అనే ఊళ్ళో మొదట తీసుకున్న ఆ పుల్లలాంటి ఓల్డ్ రాడ్డే ఇక్కడ రాజు. గట్టు మీద నిలబడి వేస్తే గట్టు పక్క గడి ఒక్కటే చూసినట్టు, గాలం నీ ముందున్న గడిలోనే పడుతుంది. నడిమధ్య గళ్ళకి సర్ఫ్ మీద, అంటే పోకెమాన్ ఎక్కి ఈదుతూ వెళ్ళి, ఏ గడి చూడాలో అటు మొహం తిప్పి వెయ్యాలి. ఒక వరస ఎడమ నుంచి కుడికి, కింది వరస కుడి నుంచి ఎడమకి, నాగలి దున్నినట్టు.

ఆ టైర్డ్ టీచర్ మీ స్కూలు టీచర్ కాదు. డ్యూఫర్డ్ టౌన్‌లో ఒక కుర్రాడు ఇప్పుడు ఊళ్ళో ఏ మాట ఫ్యాషన్‌లో ఉందో చెప్తాడు. రెండు పదాలు కలిపిన మాట. నచ్చకపోతే నువ్వు వేరేది చెప్పొచ్చు. ఆ మాటతోపాటు ఆట ఒక అంకెని దాచుకుంటుంది. 119లో ఆరు గళ్ళు ఏవన్నది ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. మాట మారితే గళ్ళు మారతాయి. అందుకే మీ అక్క కాగితం మూల ఆ మాట రాసి గీత కొట్టింది. ఇంత చిన్న వయసులో ఆ పని చేసిన మనిషికి నా నమస్కారం చెప్పు. ఆటలో ఆ కుర్రాడి దగ్గరికి ఎగిరి వెళ్ళి అడుగు. టైర్డ్ టీచర్ అనే చెప్తే కాగితం చెల్లుబాటు అవుతుంది. వేరే మాట చెప్తే కాగితం ఫ్రేము కట్టించి గోడకి తగిలించు. చూసి రా చాలు, కొత్త మాట చెప్పమని వాడు అడిగితే ఒప్పుకోకు.

ఇక బ్యాటరీ. ముట్టుకోకు. నువ్వు పోయిందని బాధపడుతున్న బ్యాటరీయే నిన్ను కాపాడుతోంది. గడియారం నడుస్తున్న కార్ట్రిడ్జ్‌లో రోజులు గడిచేకొద్దీ ఊళ్ళో ఫ్యాషన్ దానంతటదే మారిపోవచ్చు. ఇవాళ సగం నది దున్ని, వారం తర్వాత వచ్చి మిగతా సగం దున్నితే, ఈలోగా చేప జాగా మార్చి ఉండొచ్చు. నీ ఆటలో రోజులు గడవవు. నువ్వు మాట మార్చనంత వరకు ఆ ఆరు గళ్ళూ అక్కడే. తర్వాత వచ్చిన డైమండ్, పెర్ల్ పోకెమాన్ ఆటలు ఆడినవాళ్ళని అడుగు. మౌంట్ కరోనెట్ లోపలి చెరువులో నాలుగే గళ్ళు, అవీ ఏ రోజుకి ఆ రోజు మారిపోతాయి. సాయంత్రం దాకా వేసి, పన్నెండు దాటాక మళ్ళీ మొదటికొచ్చి జుట్టు పీక్కునే ఆట అది. నీకు అంత యాతన లేదు.

అసలు ఒకటి చూసుకో. నీ కార్ట్రిడ్జ్ ప్లాస్టిక్ నీలంగా, అవతలివైపు కనబడేలా ఉండాలి. వెలుతురులో పెడితే లోపల బిళ్ళ బ్యాటరీ కనబడుతుంది. ఒరిజినల్‌లో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, బ్యాటరీ గడియారానికి మాత్రమే. గల్ఫ్ బజార్లలో దొరికిన డూప్లికేట్ కార్ట్రిడ్జ్‌లు కొన్నిటిలో సేవ్‌ని కూడా బ్యాటరీయే నిలబెడుతుంది, అలాంటిది పీకితే సేవ్ గాలిలో కలుస్తుంది. బ్యాటరీ అయిపోయిందన్న మెసేజ్ వస్తూ కూడా సేవ్ ఉందంటే నీది ఒరిజినలే అయ్యుండాలి. అయినా ఎవరికైనా ఇచ్చే ముందు ఈ సంగతి చెప్పు.

గౌతమీపాయ:

అన్నయ్యా, వెళ్ళి చూశా. టైర్డ్ టీచర్! వాడు ఇప్పటికీ అదే అంటున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది.

ఓల్డ్ రాడ్‌తో మొదలెట్టా. ప్రశ్నార్థకాలు అయిపోయాయి, అన్నిట్లోనూ మాజికార్ప్, టెంటకూల్ తప్ప ఏమీ లేవు. ఇంటూ గళ్ళలోకి దిగాను. కరెంటు పోయినప్పుడల్లా అరుగు మీద కూర్చుని వేస్తుంటే మా నాన్న "అసలు కాలువలో వేస్తే సాయంత్రానికి కూరైనా అయ్యేది" అంటున్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. రేపోమాపో కాలువలు కట్టేస్తారు, మడుగుల్లో కొర్రమీను పట్టడానికి ఊరంతా దిగుతుంది. నేను మాత్రం ఈ నీలం నీళ్ళలో ఉన్నాను.

సెల్‌పాయింట్_రాజోలు:

నాన్నగారి మాట తోసెయ్యకు. రెండూ చెయ్యి.

గౌతమీపాయ:

దొరికింది!!!

మీరు చెప్పినట్టే. అక్క ఇంటూ కొట్టిన గడే. ప్రశ్నార్థకం కూడా లేదు, గట్టి ఇంటూ, రెండుసార్లు దిద్ది మరీ కొట్టింది. వంతెన కింద నుంచి దక్షిణంగా వస్తే నది ఎడమకి వంగే చోట. మొదట మాజికార్ప్, తర్వాత టెంటకూల్, మూడోసారి స్క్రీన్ మీద ఆ మచ్చల మొహం. నేను అరిచిన అరుపుకి అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది.

ఫోటో తీశా గానీ ఇంకా పంపలేదు. నువ్వు కొట్టేసిన గడిలోనే ఉందని చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. అక్క ఊరుకోదు.

ఇప్పుడు దీన్ని మిలోటిక్ చెయ్యాలి. నేచర్, అంటే దాని స్వభావం, అడమెంట్ అని ఉంది. 20 దాటిన లెవెల్. లెవెల్ పెంచే రేర్ క్యాండీలు ఉన్నాయి, పెట్టేస్తే మారిపోతుందా?

నరసాపురం_లేసు:

ఆగు తమ్ముడూ, క్యాండీలు దాచుకో. ముందు అభినందనలు. ఈ చర్చని రోజూ చదువుతున్నా, ఇప్పుడు నా వంతు. రాజోలు గారు చేప పట్టడంలో దిట్ట, అందం సంగతి ఆయనకి తెలియదు. ఆయన పోకెమాన్ల అందాల పోటీలు జరిగే కాంటెస్ట్ హాల్లోకి ఎప్పుడైనా అడుగుపెట్టారా అని నా అనుమానం.

ఫీబాస్ లెవెల్‌తో మారదు. దాని బ్యూటీ, అంటే అందం కొలత, 170కి చేరాలి, ఆ తర్వాత ఒక్క లెవెల్ పెరగాలి. క్యాండీతో పెరిగినా సరే. బ్యూటీ పెంచేది నీలం రంగు పోకెబ్లాక్ అనే తిండి, అది పొడి రుచి ఉన్న బెర్రీలు, అంటే ఆటలోని పళ్ళు, బ్లెండర్‌లో తిప్పితే వస్తుంది. తర్వాత వచ్చిన పోకెమాన్ బ్లాక్, పోకెమాన్ వైట్ అనే ఆటల్నుంచి ప్రిజమ్ స్కేల్ చేతికిచ్చి ట్రేడ్ చేస్తే చాలని సులువు చేసేశారు. అది నాకు నచ్చలేదు. వండి పెట్టి అందగత్తెని చెయ్యడంలో ఉన్న మజా పార్సిల్ పంపడంలో ఏముంది?

నీ చేపకి అడమెంట్ నేచర్ పడింది, అది పొడి రుచి అసహ్యించుకునే రకం. అడమెంట్, ఇంపిష్, కేర్‌ఫుల్, జాలీ నాలుగూ అంతే. పెట్టిన బ్లాకులో పదో వంతు వృథా పోతుంది. నచ్చే రకాలు మోడెస్ట్, మైల్డ్, రాష్, క్వయట్, వాటికి పదో వంతు అదనంగా ఎక్కుతుంది. చిన్న తేడాలా కనబడుతుంది గానీ కాదు. ప్రతి పోకెబ్లాక్ తిన్నప్పుడూ షీన్ అనే ఇంకో కొలత కూడా పెరుగుతుంది. అది 255కి చేరితే ఇక నోరు తెరవదు. బ్యూటీ 165 దగ్గర ఆగిపోయి షీన్ నిండిపోయిందనుకో, ఆ చేప జీవితాంతం ఫీబాసే. పైగా ఆటలో 170 అనే అంకె ఎక్కడా చూపించరు, ఆటలోని పోకెనావ్ అనే పరికరంలో అయిదు మూలల బొమ్మ ఉబ్బడం చూసి అంచనా కట్టుకోవాలి.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిందల్లా అదే గడికి వెళ్ళి ఇంకొన్ని పట్టడం. ఇప్పుడు నీకు గడి తెలుసు, తగిలినవాటిలో సగం అవే. మోడెస్ట్ వచ్చేదాకా పట్టు. మోడెస్ట్ అయితే మిలోటిక్ అయ్యాక స్పెషల్ అటాక్ కూడా పెరుగుతుంది, రెండు విధాలా లాభం. అడమెంట్‌ది మీ అక్క గుర్తుగా బాక్సులో ఉంచుకో.

తర్వాతది నీకు ముల్లు. గడియారం చచ్చిన సఫైర్‌లో నాటిన బెర్రీ మొలకెత్తదు. చెట్ల మీద మిగిలిన పొడి రుచి బెర్రీలు, మీ అక్క సంచిలో ఉన్నవి, అంతే నీ ఆస్తి. రూట్ 123లో బెర్రీ మాస్టర్ ఇంట్లో ఆవిడ ఉంటుంది. ఆవిడకి "ఛాలెంజ్ కాంటెస్ట్" అని చెప్తే పామ్‌ట్రే ఇస్తుంది, బ్యూటీ పెంచే బ్లాకులకి చాలా మంచి బెర్రీ. అయితే ఆవిడ ఇచ్చేది రోజుకొకటి, నీ ఆటలో రోజు మారదు. అక్క ఇప్పటికే తీసుకుని ఉంటే అదీ లేదు.

గౌతమీపాయ:

అక్క తీసేసుకుంది అండి. ఏమీ ఇవ్వట్లేదు ఆవిడ. సంచిలో చెస్టో బెర్రీలు కొన్నున్నాయి.

అన్నయ్యా, ఇప్పుడు బ్యాటరీ మార్చొచ్చా?

సెల్‌పాయింట్_రాజోలు:

మార్చడం నాకు పెద్ద పని కాదు. మూడు రెక్కల స్క్రూ ఒకటి, దానికి ప్రత్యేకమైన డ్రైవరు కావాలి, నా దగ్గరుంది. లోపల సీఆర్1616 బిళ్ళ, రెండు రేకులతో బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. పాత రేకుల మీద వేడి పెట్టి వదులు చేసి, రేకులు ముందే అతికించిన కొత్త బిళ్ళ పెట్టాలి. కొంతమంది ఉత్తి బిళ్ళ మీదే నేరుగా ఐరన్ పెడతారు, అది వేడెక్కి ఉబ్బి పేలుతుంది, మొహం దగ్గర పెట్టుకుని చేసే పని కాదు. ఇన్సులేషన్ టేపుతో అంటించేవాళ్ళూ ఉన్నారు. ఎస్పీ ఒకసారి కిందపడితే టేపు జారి మళ్ళీ మొదటికొస్తుంది.

కానీ మార్చినా నీకు బెర్రీలు రావు. కొత్త బిళ్ళతో కార్ట్రిడ్జ్ గడియారం మొదటి రోజునుంచి లెక్క మొదలెడుతుంది. మీ అక్క సేవ్‌లో చివరి తేదీ దానికంటే చాలా ముందుంది. గడియారం ఆ తేదీని అందుకునేదాకా మొక్కలు అలాగే నిలబడి ఉంటాయి. కొత్త ఆట మొదలెడితే వెంటనే బాగవుతుంది, కానీ అక్క సేవ్ చెరిపెయ్యాలి. ఆ పనికి నేను ఒప్పుకోను, డబ్బులిచ్చినా.

అందుకని బ్యాటరీ ఊసు వదిలెయ్. బెర్రీలు బయటనుంచి తెచ్చుకో.

నరసాపురం_లేసు:

అదే చెప్పబోతున్నా. నా దగ్గర సఫైర్‌తో కలిసే పోకెమాన్ ఎమరాల్డ్ ఆట ఉంది, గడియారం ఇంకా బతికే ఉంది. రూట్ 123లో తోట వేసుకున్నా, పామ్‌ట్రేలు సంచి నిండా ఉన్నాయి. పోకెమాన్ చేతికి బెర్రీ ఇచ్చి ట్రేడ్ చేస్తే బెర్రీ కూడా దానితో వచ్చేస్తుంది. సఫైర్‌కీ ఎమరాల్డ్‌కీ మధ్య ట్రేడుకి అడ్డేమీ లేదు. ఒక్కో జిగ్జగూన్ అనే పోకెమాన్ చేతిలో ఒక్కో పామ్‌ట్రే పెట్టి పంపిస్తా. బదులుగా నీ కార్వానాలు పంపు, ఇన్నాళ్ళ నీ వేటకి అవి గుట్టలుగా పడి ఉండాలి.

రెండు గేమ్‌బాయ్‌లని కలిపే లింక్ కేబుల్ ఉన్నప్పుడు బ్లెండర్ కూడా కలిసే తిప్పొచ్చు. ఆటలోని తాత, పాపలతో తిప్పిన బ్లాకు కన్నా ఇద్దరు మనుషులు బాణం గీత దగ్గరకి రాగానే సరిగ్గా నొక్కితే వేగం పెరిగి బ్లాకు లెవెల్ ఎక్కువొస్తుంది. ఒకటి గుర్తుంచుకో, ఇద్దరం ఒకే బెర్రీ వెయ్యకూడదు. వేస్తే నల్ల బ్లాకు వస్తుంది, ఎందుకూ పనికిరాదు. నువ్వు పామ్‌ట్రే వెయ్యి, నేను పొడి రుచి ఉన్న ఇంకో రకం బెర్రీ వేస్తా.

నేను సఖినేటిపల్లి దాకా పంటు మీద దాటొస్తా. ముమ్మిడివరం నుంచి నీకు రాజోలు ఎటూ దారే.

సెల్‌పాయింట్_రాజోలు:

అంటే నా షాపే కాంటెస్ట్ హాలన్నమాట. రండి, ఆదివారం ఒంటిగంట వరకు తీసే ఉంటుంది. రాజోలు బస్టాండు దగ్గర దిగి ఎవర్నడిగినా చెప్తారు. టీ నాది.

లేసు గారూ, కాంటెస్ట్ హాల్లో నేనెప్పుడూ అడుగుపెట్టలేదన్నారు, ఒప్పుకుంటున్నా. నాకు ఆ రిబ్బన్లూ చప్పట్లూ పడవు. కానీ 200 బలం ఉన్న చేప 540కి ఎలా ఎగబాకుతుందో నా కళ్ళతో చూడాలని ఉంది. ఎనిమిదో బ్యాడ్జీ ఇచ్చే వాలెస్ దగ్గర 43వ లెవెల్ మిలోటిక్ నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో నాకే తెలుసు.

గౌతమీపాయ:

ఆయ్, వస్తానండి! నిన్న మోడెస్ట్ కూడా పడింది. అక్కకి ఫోటో పంపేశా, గడి సంగతి కూడా చెప్పేశా. "అది కొట్టింది నేను కాదు, నువ్వే పెన్ను లాక్కుని కొట్టావు" అంటోంది. నాకైతే గుర్తులేదు.

లేసు అక్కా, కేబుల్ మీ దగ్గర ఉందా? మా డబ్బాలో ఛార్జరు తప్ప ఇంకేం లేదు.

నరసాపురం_లేసు:

ఉంది. పాత అడ్వాన్స్‌కీ నీ ఎస్పీకీ ఒకటే కేబుల్. ఒక చివర కాస్త వదులుగా ఉంది, ట్రేడ్ మధ్యలో కదిపితే తెగిపోతుంది. రాజోలు గారూ, దాన్ని ముందే ఓసారి చూసి బిగించి పెడతారా?